హారర్ ప్రీక్వెల్స్, రీమేక్‌లు పాత సినిమా అభిమానికి ఎందుకు ఆనవు?

నిశాచరి:
అంటార్కిటికాలో ఎవరి రూపమైనా ఎత్తగల జీవి కథ అయిన 1982 నాటి ‘ద థింగ్’, దానికి ప్రీక్వెల్‌గా, అంటే అంతకుముందు జరిగిన కథగా అదే పేరుతో 2011లో వచ్చిన సినిమా, రెండూ వరసగా చూశాక ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

రెండోది శ్రద్ధ లేకుండా తీసిన సినిమా అని ఎవరూ అనలేరు. జాన్ కార్పెంటర్ తీసిన 1982 సినిమాలో అమెరికన్లు కాలిపోయిన నార్వే స్థావరానికి వెళ్లే సీన్ గుర్తుంది కదా. గొడ్డలి దిగబడి ఉన్న తలుపు, గొంతు కోసుకుని కుర్చీలోనే గడ్డకట్టిపోయిన మనిషి, లోపల తొలిచేసినట్టున్న పెద్ద మంచుదిమ్మ, రెండు ముఖాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన శవం. 2011 వాళ్లు వీటిలో ఒక్కదాన్నీ వదల్లేదు. ఆ గొడ్డలి అక్కడికి ఎలా వచ్చింది, ఆ ముఖాలు ఎవరివి, అన్నీ చూపించారు. చివర్లో కుక్క పరుగు, హెలికాప్టర్ కూడా పాత సినిమా మొదటి సీన్‌కి సరిగ్గా అతికాయి.

అయినా భయం వెయ్యలేదు. ‘టెక్సస్ చైన్ సా’, ‘హాలోవీన్’, ‘ఎల్మ్ స్ట్రీట్’ కొత్త వెర్షన్లు చూసినప్పుడూ ఇదే అనుభవం. ‘పాతదే బంగారం’ అని తేల్చేయకండి. సినిమాలో ఏది పనిచేయలేదో, ఎందుకు పనిచేయలేదో చెప్పండి.

పాతక్యాసెట్:
నిశాచరి గారూ, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఆ నార్వే స్థావరం మనకి కనిపించేది కొద్ది నిమిషాలే. అక్కడ ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. మనం చూసేది అంతా అయిపోయాక మిగిలిన బూడిద. ‘ఇంతమంది ఉన్నా దాన్ని ఆపలేకపోయారు’ అన్న ఒక్క సంగతి తలకెక్కుతుంది, మిగతా సినిమా అంతా ఆ బరువుతోనే నడుస్తుంది. అంటే అక్కడ ఖాళీ వదలడమే ఆ సీన్ చేసిన పని.

ప్రీక్వెల్ ఆ ఖాళీని కథలో లోపం అనుకుంది. అందుకే స్కూల్లో హాజరు పిలిచినట్టు ఒక్కో వస్తువునీ పిలిచి టిక్కు పెట్టుకుంటూ పోయింది. గొడ్డలి వచ్చిందా, వచ్చింది. మంచుదిమ్మ వచ్చిందా, వచ్చింది. చూసేవాడు కూడా భయపడటం మానేసి లెక్క చూసుకోవడం మొదలుపెడతాడు.

ఒక మంచి ఆలోచన మాత్రం అందులో ఉంది, ఆ క్రెడిట్ ఇవ్వాలి. ఆ జీవి లోహాన్ని నకలు చేయలేదు కాబట్టి, పళ్లలో వెండి నింపించుకున్నవాళ్లు మనుషులే అని తేల్చే పరీక్ష. చాలా తెలివైన సీన్ అది. పళ్లు శుభ్రంగా ఉన్నవాడి మీదే అనుమానం పడుతుంది. 1982లోని రక్తపరీక్షకి జోడీగా నిలబడగలిగేది. కానీ అనుమానం ముదరకముందే జీవి బయటపడి పరుగులు మొదలవుతాయి. కార్పెంటర్ సినిమాలో ఆ వేడి తీగ ఒక్కో గిన్నెలోకి దిగుతుంటే మనం చూసేది జీవిని కాదు, కట్టేసి కూర్చోబెట్టిన మనుషుల ముఖాల్ని. ఆ ముఖాలకి ఇచ్చిన టైమ్ 2011లో లేదు.

మేకప్‌రూమ్:
గ్రాఫిక్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను.

1982 సినిమాకి జీవుల్ని తయారుచేసిన రాబ్ బోటీన్ వయసు అప్పుడు ఇరవై రెండు. రబ్బరు, నురగ, జిగురు, తీగలు, మోటార్లు, అన్నీ సెట్ మీద. పని ఒత్తిడికి చివరికి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. కుక్కల గదిలో బయటపడే జీవిని మాత్రం స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిపెట్టింది.

2011 సినిమాకి కూడా అమాల్గమేటెడ్ డైనమిక్స్ అనే స్టూడియో వాళ్లు యాంత్రిక బొమ్మలు తయారుచేశారు. షూటింగ్‌లో వాడారు కూడా. తర్వాత పోస్ట్ ప్రొడక్షన్‌లో చాలావరకు వాటి మీద గ్రాఫిక్స్ కప్పేశారు. ఆ బొమ్మల వీడియోలు బయటికొచ్చాక అభిమానులకి కడుపు మండిపోయింది. ఆ స్టూడియో సారథుల్లో ఒకరైన అలెక్ గిల్లిస్ తర్వాత జనం దగ్గర చందాలు పోగుచేసి, బొమ్మలతోనే ‘హార్బింజర్ డౌన్’ తీశారు, 2015లో వచ్చింది. సినిమాగా అది అంతంతమాత్రమే, కానీ ఆ పట్టుదల నాకు నచ్చింది.

గ్రాఫిక్స్ అంటే నాకు ద్వేషం లేదు. చిక్కల్లా ఎక్కడంటే, రబ్బరు బొమ్మ రెండు సెకన్లకి మించి చూపిస్తే దొరికిపోతుంది. కాబట్టి డైరెక్టర్ చచ్చినట్టు కోత పెట్టాలి, చీకట్లో దాచాలి, ఎదురుగా ఉన్న నటుడి ముఖానికి కట్ చేయాలి. కంప్యూటర్ జీవికి ఆ ఇబ్బంది లేదు. నిలువెత్తున, వెలుతుర్లో, ఎంతసేపైనా పరిగెత్తగలదు. పరిగెత్తిస్తారు కూడా. అంతసేపు చూశాక దానికి అలవాటు పడిపోతాం.

ఎడిటింగ్‌టేబుల్:
మేకప్‌రూమ్‌తో సగమే ఏకీభవిస్తాను. గ్రాఫిక్స్ తీసేసినంత మాత్రాన భయం వచ్చేస్తుందంటే 2003 ‘టెక్సస్ చైన్ సా’ రీమేక్ గొప్ప సినిమా అయ్యుండాలి. అందులో రక్తం, మేకప్ దండిగా ఉన్నాయి. 1974లో టోబీ హూపర్ తీసిన అసలు సినిమాలో రక్తం ఎంత తక్కువో మళ్లీ చూస్తేగానీ నమ్మలేం. కొక్కేనికి వేలాడదీసే సీన్‌లో కొక్కెం దిగడం కనిపించదు. చూశామని మనమే ఒట్టేసి చెబుతాం. ఎండ, చెమట, దుమ్ము, ఆ ఇంట్లో ఎముకలు, ఈకలు, ఇవన్నీ కలిసి మన చేత ఊహింపజేస్తాయి.

‘సైకో’ సంగతి చూడండి. 1998లో గస్ వాన్ శాంట్ దాన్ని దాదాపు షాట్‌కి షాట్ దించేశారు. రంగుల్లో తీశారు, నటులు మారారు. బెర్నార్డ్ హెర్మన్ సంగీతాన్నే మళ్లీ రికార్డు చేయించి వాడారు. అవే కోణాలు, అదే స్క్రీన్‌ప్లే. భయం మాత్రం రాలేదు. 1960లో హీరోయిన్ అనుకున్న మనిషి సగం సినిమా కూడా కాకముందే చనిపోతుందని ప్రేక్షకుడు కలలో కూడా ఊహించలేదు. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి వదలొద్దని హిచ్‌కాక్ థియేటర్లకి గట్టిగా చెప్పింది కూడా ఆ దెబ్బ చెక్కుచెదరకుండా తగలాలనే. 1998 ప్రేక్షకుడికి ఆ స్నానాల గది సీన్ ముందే తెలుసు. కెమెరా ఎక్కడ పెట్టారో నకలు చేయొచ్చు, ప్రేక్షకుడికి ఏం తెలియదో దాన్ని ఎలా నకలు చేస్తారు? నా మటుకు ఈ చర్చ మొత్తానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

సెకండ్‌షో:
ప్రీక్వెల్స్‌లో నాకు అస్సలు మింగుడుపడనిది ‘వాడు ఎందుకలా తయారయ్యాడో తెలుసా’ అనే కథ.

1978 ‘హాలోవీన్’లో మైకేల్ మయర్స్ ఆరేళ్ల పిల్లాడు. అక్కని చంపుతాడు, తల్లిదండ్రులు వచ్చి మాస్క్ తీస్తే ఏ భావమూ లేని ముఖం. అంతే, కారణం చెప్పరు. పదిహేనేళ్లు వాణ్ని చూసుకున్న డాక్టరే ఆ కళ్ల వెనక ఉన్నది పచ్చి చెడు మాత్రమే అంటాడు. టైటిల్స్‌లో మాస్క్ వేసుకు తిరిగే మైకేల్‌కి పేరు కూడా ఇవ్వలేదు, ‘ద షేప్’ అని వేశారు. ఒక ఆకారం, అంతే. ఆ మాస్క్ కూడా మార్కెట్లో దొరికే, ‘స్టార్ ట్రెక్’లోని కెప్టెన్ కర్క్ బొమ్మ ముఖానికి తెల్లరంగు కొట్టిందే.

2007లో రాబ్ జోంబీ తీసిన వెర్షన్‌లో ఆ ఆకారానికి బాల్యం వచ్చింది. తల్లి ప్రియుడి తిట్లు, బడిలో ఏడిపించే పిల్లలు, జంతువుల్ని చంపడం. కేస్ ఫైల్ చదివినట్టుంటుంది. జాలిపడాలో భయపడాలో తెలియక రెండింటికీ దూరమవుతాం. ఈ జబ్బు 1981 సీక్వెల్‌లోనే అంటుకుంది లెండి, హీరోయిన్ లారీ వాడి చెల్లెలని తేల్చారు. 2018లో వచ్చిన సినిమా ఆ చుట్టరికాన్ని చెరిపేసి, 1978 తర్వాత నేరుగా మొదలైంది. వాళ్లకీ ఇబ్బంది అర్థమైందన్నమాట. చుట్టమైతే వాడు ఆమె కోసమే వస్తాడు. చుట్టం కాకపోతే ఎవరి కోసమైనా రావచ్చు, నాకోసమైనా.

వెన్నెలరాత్రి:
సెకండ్‌షో గారూ, 2007 సినిమాని ఇంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ఒక ఇల్లు పిల్లాణ్ని ఎలా పాడుచేస్తుందో చూపించాలనుకున్నారు, మొదటి సగంలో అది కదిలిస్తుంది కూడా. నాకు నచ్చనిది రెండో సగం. అక్కడికొచ్చేసరికి పాత సినిమాని హడావుడిగా తిరగతీయడమే మిగిలింది. సొంత కథ చెప్పుకునే దమ్ము చివరిదాకా ఉండాల్సింది.

సెకండ్‌షో:
ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అప్పుడు దానికి ‘హాలోవీన్’ అన్న పేరు దేనికి? వేరే పిల్లాడి కథగా తీస్తే నేనూ చూసేవాణ్ని.

ఎడిటింగ్‌టేబుల్:
పేరు దేనికంటే, పేరుంటేనే డబ్బు పుడుతుంది కాబట్టి. 1978 సినిమా సుమారు మూడు లక్షల డాలర్లతో తీశారు, ఆ రోజుల్లోనూ చిన్న బడ్జెట్టే. పోతే పోయిందనుకునే మొత్తం కాబట్టి కారణం చెప్పకుండా వదిలేసే ధైర్యం చేయగలిగారు. ఇప్పుడు ఆ పేరు మీద పెట్టుబడి పెట్టేవాళ్లు, ‘ప్రేక్షకుడికి అర్థం కాదేమో’ అని భయపడతారు. సినిమాలో ఉండాల్సిన భయం ఆఫీసు గదిలోనే ఖర్చయిపోతుంది.

దీనికి సాక్ష్యం ‘ఎక్సార్సిస్ట్’ ప్రీక్వెల్. పాల్ ష్రేడర్ ఒక సినిమా పూర్తిగా తీశారు. యుద్ధంలో నమ్మకం కోల్పోయిన ఫాదర్ మెరిన్ మీద నెమ్మదిగా సాగే కథ. నిర్మాణ సంస్థకి భయం చాల్లేదనిపించింది. దాన్ని పక్కన పెట్టి, రెనీ హార్లిన్‌ని పిలిచి, హీరోగా స్టెలన్ స్కార్స్‌గార్డ్‌నే ఉంచి, దాదాపు మొత్తం మళ్లీ తీయించారు. హార్లిన్ వెర్షన్ 2004లో వచ్చింది, విమర్శకులు ఉతికేశారు. మరుసటి ఏడాది ష్రేడర్ వెర్షన్‌నీ ‘డొమినియన్’ పేరుతో విడుదల చేశారు. ఒకే కథ మీద రెండు సినిమాలు, పక్కపక్కన పెట్టి చూడొచ్చు. రెండోసారి ఏమేం చేర్చారో చూడండి: ఇంకొంచెం రక్తం, ఇంకొన్ని ఉలిక్కిపడే సీన్లు. భయం అంటే డబ్బు పెట్టేవాళ్ల దృష్టిలో ఏమిటో అంతకంటే స్పష్టంగా ఎక్కడా కనపడదు. ష్రేడర్‌ది గొప్ప సినిమా అననుగానీ, దానికంటూ ఒక మనసుంది.

శబ్దశాఖ:
నేను సౌండ్ వైపు మనిషిని, రెండు ముక్కలు.

ఉలిక్కిపడే సీన్ అంటే ఏముంది, నిశ్శబ్దం పెంచి ఒక్కసారిగా పెద్ద చప్పుడు. అది చెవి మీద పనిచేస్తుంది. పిల్లి దూకినా పనిచేస్తుంది. దానివల్ల వచ్చే దడ థియేటర్ దాటి రాదు. 1974 ‘టెక్సస్’లో మొదటి నిమిషాల్లో వచ్చే ఆ ఫ్లాష్ కెమెరా కీచు శబ్దం తీసుకోండి. టోబీ హూపర్, వేన్ బెల్ కలిసి చేసిన ఆ సౌండ్‌ట్రాక్‌లో ఎక్కడ సంగీతం ఆగుతుందో ఎక్కడ చప్పుడు మొదలవుతుందో తేల్చలేం. అందుకే చెవి దాన్ని పక్కకి నెట్టలేదు. ‘హాలోవీన్’ పియానో కూడా అంతే. ఐదు మాత్రల తాళం అది. కాలు ఎక్కడ తట్టాలో తెలియనట్టు ఎప్పుడూ ఒక మాత్ర మిగిలిపోతూ ఉంటుంది. సినిమా అంతా ఆ కుదురులేనితనమే.

కొత్త రీమేక్‌లలో పాత థీమ్‌ని తెచ్చి దాని మీద పెద్ద ఆర్కెస్ట్రా, లోతైన బేస్ గుద్దులు పేరుస్తారు. పెద్దదైంది, కానీ ఆ కుదురులేనితనం పోయింది.

కొత్తప్రేక్షకురాలు:
అందరూ పాతది ముందు చూసినవాళ్లే మాట్లాడుతున్నారు. నేను 2002 ‘ద రింగ్’ ముందు చూశాను, జపాన్ ‘రింగు’ ఆ తర్వాత. నాకు ఇప్పటికీ గోర్ వెర్బిన్‌స్కీ సినిమానే ఎక్కువ ఇష్టం. ఆ తడి పచ్చరంగు, ఓడ మీద గుర్రం సీన్, ఇవేవీ 1998 సినిమాలో లేవు. అంటే మనకి ఏది ముందు దొరికితే అదే ‘అసలు’ అయిపోతుందేమో? అసంతృప్తిలో సగం అలవాటేనేమో?

పైగా మీరంతా నెత్తిన పెట్టుకుంటున్న 1982 ‘థింగ్’ కూడా రీమేకే కదండీ. 1951లోనే ‘ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్’ ఉంది. కార్పెంటర్ సినిమా విడుదలైనప్పుడు విమర్శకులు అసహ్యించుకున్నారు, జనం చూడలేదు. అదే నెలలో వచ్చిన ‘ఈటీ’కి పట్టం కట్టారు.

పాతక్యాసెట్:
మంచి దెబ్బ కొట్టారమ్మా, ఈ చర్చకి ఇది కావాల్సిందే.

అలవాటు కొంత ఉంటుంది, కాదనను. కానీ అలవాటే అంతా అయితే మంచి రీమేక్ అనేదే ఉండకూడదు. ఉన్నాయి. 1951 సినిమాలో జీవి ఒక మొక్క జాతి రాక్షసుడు, మనిషి ఆకారంలోనే తిరుగుతుంది. కార్పెంటర్ దాన్ని తిరగతీయలేదు. దానికి మూలమైన జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ 1938 కథకి వెనక్కి వెళ్లి, అందులో ఉండి 1951లో వదిలేసిన ‘ఎవరి రూపమైనా ఎత్తగలదు’ అన్న ముక్కని పట్టుకున్నారు. పాత సినిమా వాడని భయాన్ని వాడుకున్నారు.

1986 ‘ద ఫ్లై’ కూడా చూడండి. 1958 సినిమాలో యంత్రం ఒక్క దెబ్బలో మనిషి తలనీ ఈగ తలనీ మార్చేస్తుంది. క్రోనెన్‌బర్గ్ దాన్ని నెమ్మదిగా తినేసే జబ్బుగా మార్చారు. గోళ్లు ఊడతాయి, చెవి ఊడుతుంది, పక్కన ప్రేమించిన మనిషి చూస్తూ ఉంటుంది. ఆ సినిమా చూసి ‘అసలుదే బాగుంది’ అన్నవాణ్ని నేనింతవరకు కలవలేదు. మంచి రీమేక్‌కి పాత సినిమా మీద ఒక అభ్యంతరమో, ఒక కొత్త ప్రశ్నో ఉంటుంది. 2010 ‘ఎల్మ్ స్ట్రీట్’కి వెస్ క్రేవెన్ సినిమాని అడగాల్సిన ప్రశ్న ఏమీ కనపడలేదు, మేకప్ మార్చారు అంతే. జాకీ ఎర్ల్ హేలీ మంచి నటుడు, పాపం ఆయన ఏం చేస్తారు.

కొత్తప్రేక్షకురాలు:
అయితే ‘ద రింగ్’ కొత్తగా అడిగిన ప్రశ్న ఏమిటి? కథ దాదాపు అదే కదా.

శబ్దశాఖ:
అక్కడ టైమ్ కలిసొచ్చిందనుకుంటాను. 2002 నాటికి ఇళ్లలో టేపులు ఇంకా ఉన్నాయి, పోబోతున్నాయి. ఎవరు రికార్డు చేశారో తెలియని, చూసినవాళ్ల ప్రాణం తీసే టేపు, ల్యాండ్‌లైన్ ఫోన్ మోగడం, ఈ రెండూ చూసేవాడి ఇంట్లోనే ఉన్న వస్తువులు. 2017లో ‘రింగ్స్’ వచ్చేసరికి ఆ టేపుని కంప్యూటర్ ఫైల్ చేయాల్సొచ్చింది. కాపీ తీసి ఇంకొకరికి చూపించడం అనేది ఒకప్పుడు పాపం మూటగట్టుకునే పని, ఇప్పుడు ఒక క్లిక్కు.

‘పోల్టర్‌గైస్ట్’ ఇంకా మంచి ఉదాహరణ. 1982 సినిమా మొదట్లో టీవీ ప్రసారాలు ముగుస్తాయి, జాతీయగీతం అయిపోతుంది, తర్వాత తెర నిండా ఆ తెల్లటి చుక్కల హోరు. ఇల్లంతా నిద్రపోతుంటే పాప దానితో మాట్లాడుతుంది. ఆ రోజుల్లో రాత్రి టీవీకి నిజంగా ఒక ముగింపు ఉండేది, ఆ తర్వాత ఆ పెట్టెలో ఏముందో ఎవరికీ తెలియదు. 2015 రీమేక్ నాటికి ప్రసారాలు ఆగడమే లేదు. ఆ దెయ్యానికి ఉండే చోటు పోయింది. అయినా టీవీని తీసుకొచ్చి పెట్టారు, పాత సినిమాలో ఉంది కాబట్టి.

నిశాచరి:
ఇది నేను ఆలోచించని కోణం, చాలా బాగుంది.

ఇంకో అనుమానం. అసలు సినిమా తీసిన డైరెక్టరే ప్రీక్వెల్ తీస్తే ఈ సమస్యలు ఉండకూడదు కదా?

సెకండ్‌షో:
రిడ్లీ స్కాట్. ‘ఏలియన్’ 1979లో ఆయనదే, ‘ప్రొమీథియస్’ 2012, ‘ఏలియన్: కవనెంట్’ 2017 కూడా ఆయనవే.

1979లో ఆ పాడుబడ్డ ఓడలో, కుర్చీలోంచే మొలిచినట్టు, శిలాజంలా మారిపోయిన ఒక భారీ జీవి కనిపిస్తుంది. చిత్రకారుడు గీగర్ గీసిన ఆ రూపం ముందు మనుషులు చీమల్లా ఉంటారు. అది ఎవరో, ఎప్పటి నుంచి ఉందో తెలియదు. మనకి ముందు ఎన్ని యుగాలు గడిచాయో అన్న భయం ఆ ఒక్క షాట్‌లో ఉంది. ‘ప్రొమీథియస్’ వచ్చి అది ఒక సూట్ అంది, లోపల పాలిపోయిన పొడుగాటి మనిషి. ‘కవనెంట్’ ఇంకా ముందుకెళ్లి, ఆ ప్రాణాంతక జీవి రూపం వెనక డేవిడ్ అనే ఆండ్రాయిడ్ చెయ్యి ఉందంది. అంత పెద్ద విశ్వం చివరికి మనుషులు తయారుచేసిన ఒక రోబో కోపతాపాల దగ్గరికి కుదించుకుపోయింది. మైకేల్ ఫాస్‌బెండర్ నటన అద్భుతం, విడిగా చూస్తే డేవిడ్ కథ నాకు చాలా ఇష్టం. ‘ఏలియన్’కి కారణంగా మాత్రం వద్దు.

వెన్నెలరాత్రి:
మన దగ్గరి ఉదాహరణ ఎవరూ చెప్పలేదు. 1993 మలయాళ ‘మణిచిత్రతాళ్’. మూసి ఉంచిన గదిలో నాగవల్లి దెయ్యం ఉందా, కథానాయిక గంగ మనసులో ఉందా అన్న ఊగిసలాటే దాని బలం. అందుకే శోభన ఆ ఇద్దరు ఆడవాళ్లనీ ఒకే ముఖంలో చూపించాల్సి వచ్చింది, జాతీయ అవార్డు కూడా వచ్చింది. కన్నడ ‘ఆప్తమిత్ర’, ఆ తర్వాత 2005 ‘చంద్రముఖి’ హీరోయిజం పెంచినా, ఆ మనోవ్యాధి అనే ఇరుసుని మాత్రం పట్టుకునే ఉన్నాయి. అందుకే రీమేక్‌లైనా నిలబడ్డాయి. 2010 ‘నాగవల్లి’, 2023 ‘చంద్రముఖి 2’ రాజుగారి కథని, చంద్రముఖి కథని విప్పి చెప్పడం మీద పడ్డాయి. అసలు సినిమాలో వాళ్లు ఒక పాత కథ మాత్రమే. గంగ ఊహకి కావాల్సింది అంతే. వాళ్లని నిజం మనుషుల్ని చేశాక ఇంక గంగ అవసరమే లేదు.

మేకప్‌రూమ్:
నిజమే. కానీ ఈ చర్చ చదివినవాళ్లు ప్రీక్వెల్ అంటేనే పారిపోతారేమో. బాగున్నవి కూడా చెప్పుకోవాలి. మైక్ ఫ్లనగన్ తీసిన ‘విజా: ఆరిజిన్ ఆఫ్ ఈవిల్’ 2016, ‘యానబెల్: క్రియేషన్’ 2017. రెండూ వాటి ముందు సినిమాల కంటే ఎంతో మెరుగు.

ఎడిటింగ్‌టేబుల్:
ఎందుకు మెరుగయ్యాయో చూడండి. 2014 ‘విజా’ని ఎవరూ గుండెల్లో పెట్టుకోలేదు. ఫ్లనగన్‌కి చెడగొట్టడానికి అక్కడ ఏమీ లేదు, అందుకే తల్లీ ఇద్దరు కూతుళ్ల కథ తనకి నచ్చినట్టు చెప్పుకున్నారు. ‘పర్ల్’ది ఇంకో దారి. టీ వెస్ట్ ‘ఎక్స్’ తీస్తూనే దాని ప్రీక్వెల్‌నీ వెంటనే తీశారు, రెండూ 2022లోనే వచ్చాయి. అభిమానుల మనసులో ‘ఎక్స్’ గడ్డకట్టకముందే ‘పర్ల్’ వచ్చేసింది. అందులో మియా గోత్ చివర్లో పట్టి ఉంచే ఆ నవ్వు దేన్నీ వివరించదు.

నిశాచరి:
మరి ‘ద ఫస్ట్ ఓమెన్’? 1976 సినిమా చాలామందికి ప్రాణం. 2006లో సరిగ్గా ఆరో నెల ఆరో తేదీన వదిలిన రీమేక్‌కి ఆ తేదీ తప్ప గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేదు. కానీ 2024 ప్రీక్వెల్ నాకు నిజంగా నచ్చింది.

పాతక్యాసెట్:
నాకూ నచ్చింది. ఆర్కాషా స్టీవెన్సన్ అడిగిన ప్రశ్న కొత్తది. 1976 సినిమాలో ఆ సైతాను బిడ్డని కన్న తల్లి గురించి, పెంచిన తండ్రి వైపు నుంచి తప్ప ఆలోచించరు. సమాధిలో ఎముకలు కనిపిస్తాయి, అంతే. ఈమె 1971 రోమ్‌కి వెళ్లి, ఒక అమ్మాయి శరీరం మీద ఆమెకి తెలియకుండా ఇతరులు నిర్ణయాలు తీసుకోవడాన్ని కథ చేశారు. సైతాను కంటే చర్చిలోని ఆ పెద్దల ప్రశాంతమైన మాటలే ఎక్కువ భయపెట్టాయి.

దెబ్బతిన్నది చివరి నిమిషాల్లోనే. 1976 సినిమా హీరో గ్రెగరీ పెక్ ఫొటో తీసి చూపించి, పిల్లాడి పేరు చెప్పించి, 1976కి ముడి వేయాల్సొచ్చింది. అప్పటిదాకా ఆ అమ్మాయి కథగా ఉన్నది ఒక్కసారిగా ఇంకో సినిమా ముందుమాట అయిపోయింది. పేరు చెప్పకపోయినా మనకి తెలియదా?

కొత్తప్రేక్షకురాలు:
ఆ ఫొటో దగ్గర మా వాళ్లంతా ఈల వేశారు, మరి.

పాతక్యాసెట్:
వేస్తారమ్మా, ఆ ఈల కోసమే పెట్టారు. గుర్తుపట్టిన ఆనందం కూడా ఆనందమే. అది రాగానే భయం వెళ్లిపోతుందన్నదే నా బాధ.

మీరు 1978 ‘ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్’ చూడకపోతే ఇప్పుడు చూడండి, 1956ది తర్వాత చూసినా ఫర్వాలేదు. చిన్న ఊరి కథని శాన్ ఫ్రాన్సిస్కోకి తెచ్చారు. పక్కింటివాడు మారిపోయినా ఎవరూ గమనించని నగరం కాబట్టి భయం రెట్టింపయింది. 1956 హీరో కెవిన్ మెకార్తీ అందులో ఒకచోట కార్లకి అడ్డంపడి అరుస్తూ పరిగెడతారు. పాత సినిమా తెలిసినవాళ్లకి అది పలకరింపు. తెలియనివాళ్లకి, నడిరోడ్డు మీద అరుస్తున్న మనిషిని జనం ఎలా పట్టించుకోరో చూపించే సీన్. చివరి షాట్ గురించి మాత్రం ఎక్కడా చదవకుండా చూడండి.

కొత్తప్రేక్షకురాలు:
ఈ శనివారం రాత్రికి అదే. చూసి ఇక్కడే రాస్తాను, ముగింపు ఎవరూ చెప్పొద్దు.